పోయినది దురదృష్టమా, నిర్లక్ష్యమా?



గత వర్షాకాలంలో మా విచారణ కార్యాలయంలోని కంప్యూటర్ చెడిపోయింది. రెండేళ్లపాటు ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఎప్పుడు ఈ ఊరు వచ్చారో, ఎవరి తాత మొదట జ్ఞానస్నానం పొందాడో పెద్దల చేత చెప్పించుకుని రాసిన కుటుంబ వివరాలన్నీ అందులోనే ఉన్నాయి. జ్ఞానస్నాన, వివాహ రిజిస్టర్లు కాగితం మీద ఉన్నాయి కనుక బ్రతికిపోయాయి. నా ముఖం చూసి మా ఉపదేశిగారు, "అంతా దేవుని చిత్తం, ఫాదర్‌గారూ" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ ఊరట నాకు మింగుడు పడలేదు.

గురుమఠంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అజ్ఞానం రెండు రకాలని నేర్చుకున్నాం. ఎంత ప్రయత్నించినా తెలుసుకోలేనిది ఒకటి. అడిగితే తెలిసేదే, అడగనందువల్ల తెలియకుండా మిగిలిపోయినది మరొకటి. మొదటిదానికి మనిషి బాధ్యుడు కాడు. తెలుసుకోవలసినదాన్ని, తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకపోవడం నిర్లక్ష్యమనే పాపమని 13వ శతాబ్దంలోనే పునీత తోమస్ అక్వినాస్ వివరించారు. మరి నాది ఏ రకం? వారం రోజులుగా ఆ డబ్బాలోంచి టక్ టక్‌మని శబ్దం వస్తూనే ఉంది. ఎవరినీ అడగలేదు. "సి" డ్రైవులోని ఫైళ్లను "డి" డ్రైవులోకి కాపీ చేశాను గదా అని నిశ్చింతగా నిద్రపోయాను. ఆ రెండూ ఒకే హార్డ్ డిస్కులోని రెండు అరలని బాగుచేసే కుర్రవాడు చెబితే తెలిసింది. ఇల్లు కాలితే రెండు గదులూ కాలుతాయి. పైగా కంగారులో పదిసార్లు ఆన్ చేసి చూశాను. అలా శబ్దం చేసే డిస్కులో చదివే ముల్లు తిరిగే పళ్లెం మీద గీసుకుంటూ ఉండవచ్చునట. ఆన్ చేసిన ప్రతిసారీ మరికొంత చెరిగిపోతుంది. వెంటనే ఆపి అతని చేతికిచ్చి ఉంటే కొంతైనా దక్కేదేమో.

ఇక్కడ మరో చిక్కు ఉంది. నష్టపోనివాడు జాగ్రత్తపరుడేనా? 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే హానికరమైన ప్రోగ్రాం డెన్మార్క్‌కు చెందిన మేర్స్క్ ఓడల కంపెనీ కంప్యూటర్లను తుడిచిపెట్టింది. ఎవరు ఏ కంప్యూటర్‌లోకి ప్రవేశించవచ్చో నిర్ణయించే సర్వర్లు ఆ కంపెనీకి సుమారు 150 ఉండేవి. ఒకటి చెడితే మరొకటి ఆదుకుంటుందని ఒకదాని ప్రతిని మరొకదానిలో ఉంచారు. అన్నీ ఒక్కసారే పోతాయని తలచలేదు. చివరకు ఒక్కటి మిగిలింది, ఘనా దేశంలోనిది. కారణం, దాడి సమయంలో అక్కడ కరెంటు లేదు! (కరెంటు కోతలను తిట్టుకునే మనవాళ్లు గమనించాలి.) ఆ ఒక్క ప్రతి ఆధారంగా కంపెనీ మళ్లీ నిలబడింది. అదృష్టం నష్టాన్ని తగ్గించింది గాని, ముందుచూపు లోపించిందన్న మాటను తుడిచివేయలేదు. ఆ లెక్కన, ఇంతవరకు ఏమీ పోగొట్టుకోని విచారణ నాకంటే నిర్దోషి అని చెప్పడానికి లేదు.

మన పెద్దలకు ఈ జాగ్రత్త కొత్త కాదు. విచారణ రిజిస్టర్ల ప్రామాణిక ప్రతిని ప్రతి సంవత్సరాంతాన పీఠాధిపతి కార్యాలయానికి పంపాలని 1917 నాటి శ్రీసభ చట్టం 470వ సూత్రం ఆదేశించింది. ప్రతి మరో కప్పు కింద ఉండాలన్నమాట. కుటుంబ వివరాల పుస్తకాన్ని మాత్రం మినహాయించింది. ఆ మినహాయింపు చాటున దాక్కుందామని నాకూ ఒక క్షణం అనిపించింది.

ఇప్పుడు కార్యాలయంలో ఒక ప్రతి, సిస్టర్ల కాన్వెంటులో మరో ప్రతి వేర్వేరు డిస్కుల మీద ఉంటున్నాయి. కాపీ కాగానే తీగ ఊడదీస్తాం, వైరస్ వస్తే వాటికి కూడా అంటకుండా. ప్రతి నెలా మొదటి శుక్రవారం ఒక ఫైలును వెనక్కి తెచ్చి తెరిచి చూస్తాం. తెరిచి చూడనంతవరకు ప్రతి ఉందని నమ్మడమే గాని, ఉందని తెలియడం కాదు.

మా యువకులతో కలిసి మళ్లీ ఇల్లిల్లూ తిరుగుతున్నాను. చాలామంది విసుక్కోకుండా మళ్లీ చెప్పారు. చివరి వీధిలోని ఒక అవ్వ అప్పట్లో తన మామగారి జ్ఞానస్నానం సంగతి, ఆ తరువాత ఊరివారు బావిలో నీళ్లు తోడుకోనివ్వని సంగతి గంటసేపు చెప్పింది. నేను రెండోసారి వెళ్లేసరికి ఆమె లేదు. క్రిస్మసుకు ముందే కన్నుమూసింది. ఇంట్లో ఉన్న కోడలికి ఆ కథ తెలియదు. గుర్తున్నంతవరకు రాశాను. ఆనాడు రాత్రిపూట వారికి నీళ్లు తెచ్చిపెట్టిన ఇద్దరి పేర్లు అవ్వ చెప్పింది. అవి మాత్రం నాకు గుర్తు రావడం లేదు.