అవిముక్తము: విడువరానిది, విడువవలసినది



కాశి పేరు వినని ఇల్లు తెలుగునాట లేదు. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యను సామెత పుట్టిన దినములలో ఆ యాత్ర అంత కఠినముగ నుండెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి బయలుదేరి, కాశి మున్నగు క్షేత్రములను దర్శించి, 1831లో గాని ఇల్లు చేరలేదు. నేడు రైలెక్కిన రెండు మూడు దినములలో గంగ కానవచ్చును. దారి దగ్గరయినది. ఆ క్షేత్రనామముల అర్థము కూడ మనకు దగ్గరయినదా యని విచారింపవలెను.

సంస్కృతమున ‘కాశ్’ ధాతువునకు ప్రకాశించుట యని అర్థము. ప్రకాశించునది కాశి. పూర్వము షోడశ మహాజనపదములలో కాశి యొకటి; దానికి రాజధాని వారణాసి. ఉత్తరమున వరణ, దక్షిణమున అసి యను నదులు గంగలో కలియగా, ఆ రెంటి నడుమ వెలసినది గనుక వారణాసి యైనదని పెద్దల నిర్వచనము. పాళీ గ్రంథములలో అది బారాణసి. జనుల వాడుకలో బనారసు. 1956లో ప్రభుత్వము వారణాసి నామమునే అధికారికముగ స్థిరపరచెను. ఆనందవనము, మహాశ్మశానము అనునవియు ఆ క్షేత్రమునకే పేర్లు.

ఈ నామములన్నింటిలో లింగధారులు ముఖ్యముగ మననము చేయవలసినది ‘అవిముక్తము’. విడువబడనిది యని దాని అర్థము. శ్రీనాథ మహాకవి తెనిగించిన కాశీఖండమున ఇందుకొక కథ కలదు. దివోదాసుడు కాశిని ఏలుకాలమున శివుడు మందరగిరికి పోవలసివచ్చెను. పోవుచు సైతము ఆయన లింగరూపమున అచటనే నిలిచెను. కనుకనే అది శివుడు విడువని క్షేత్రమైనది. ఆలయము కూలినను క్షేత్రము చెడలేదు. ఇప్పటి విశ్వేశ్వరాలయమును 1780లో హోల్కరు వంశపు రాణి అహల్యాబాయి కట్టించెను. రాళ్ళు మారినవి, భక్తి విడువలేదు.

జాబాలోపనిషత్తు ఈ అర్థమును మరింత లోనికి కొనిపోవుచున్నది. అవిముక్తము ఎచట నున్నదని అత్రి అడుగగా, యాజ్ఞవల్క్యుడు వరణకును నాసికిని నడుమ నున్నదనెను. ఇంద్రియదోషములను వారించునది వరణ. ఇంద్రియకృత పాపములను నశింపజేయునది నాసి. ఆ స్థానము కనుబొమలు ముక్కుతో కూడు చోటని చెప్పెను. అనగా కాశి మానవదేహమునందే కలదు.

దేహమే దేవాలయమని చాటిన బసవేశ్వరుని బోధకు ఇది ఎంత చేరువ! గురువు అనుగ్రహించిన ఇష్టలింగమును వీరశైవుడు ఒక్క క్షణమును ఎడబాయరాదు. తుదకు సమాధియందును దానిని వామహస్తమున నుంచుదురు. శివుడు విడువని చోటు అవిముక్తమైనచో, లింగము విడువని దేహము మాత్రము అవిముక్తము కాదా?

అట్లయిన కాశికి పోనక్కరలేదా యని కొందరు శంకింపవచ్చును. పంచపీఠములలో నొకటియగు కాశీపీఠము అచటి జంగమవాడి మఠమున విరాజిల్లుచున్నది. పోగలవారు పోయి దర్శింపవలసినదే. పోలేనివారు కొరత పడవలదు. పోనక్కరలేదని గర్వించుట మాత్రము భక్తుని లక్షణము కాదు.

కాశికి పోయినవారు ఒక కాయనో పండునో అచట వదలివచ్చు ఆచారము మనలో కలదు. వంకాయను వదలి కోపమును వెంటబెట్టుకొని వచ్చిన ఏమి ఫలము? ఇష్టమైన ఫలమును విడుచుట అభ్యాసము మాత్రమే. లోభమును, పరనిందను, పుట్టుకచేత ఒకరిని తక్కువచేయు బుద్ధిని విడుచుటయే ఆ అభ్యాసమునకు ప్రయోజనము.

మంచము పట్టిన తల్లిని పొరుగువారి దయకు వదలి యాత్రకు పోవు గృహస్థుని తలపుడు. ఆమె నీటికై పిలిచిన పలుకువారు లేరు. అతడు గంగలో మునిగి, కలశమున తీర్థము నింపి తెచ్చును. విడువవలసిన వంకాయను విడిచెను. విడువరాని తల్లినికూడ విడిచెను. విడువబడనిది యను అర్థము గల క్షేత్రమునకు పోయి అతడు నేర్చినది ఏమి? ఆమె నోట సకాలమున పోసిన గ్రుక్కెడు నీరు శివుడు మెచ్చు అభిషేకము కాకపోవునా? కాయకమును దాసోహమును నేర్పిన బసవన్న అడుగుజాడలలో నడచువారికి ఈ ప్రశ్నకు సమాధానము వేరుగ చెప్పనక్కరలేదు.

కనుక శరణులారా! ప్రతిదినము లింగమును కరస్థలమున నుంచుకొనునపుడు రెండు మాటలు తలపుడు: నేడు నేను విడువవలసినది ఏది? విడువరానిది ఏది? ఈ వివేకము వెలిగిన హృదయమే ప్రకాశించు కాశి.