మూలనున్న గుమాస్తా

ఉప్పు తిన్న యింటికి నష్టము కలిగించుట ద్రోహమని మన పెద్దలు చెప్పుదురు. అట్లని, ఎదుటివాడు తెలియక నష్టపోవుచుండగా చూచుచు మౌనము వహించుట ధర్మమగునా? ముప్పదియేండ్లు గుమాస్తాగిరి చేసిన నాకు, ఒక ఆంగ్ల నవలాకారుని చరిత్ర చదువునప్పుడు ఈ ప్రశ్న మరల ఎదురైనది.

ఆయన సర్ హెన్రీ రైడర్ హాగర్డ్ (1856-1925). పందొమ్మిదవ యేట, 1875లో, జీతము లేని కొలువుకై దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయెను. 1877లో ఆంగ్లేయులు ట్రాన్స్‌వాలును కలుపుకొన్నపుడు ప్రిటోరియాలో జెండా నెత్తుటకు చేయి వేసినవాడు. పరుల నేలపై జెండా పాతుట తప్పని ఆయనకు తోచలేదు. నాలుగేండ్లకే, 1881లో, ఆ రాజ్యమును బోయర్లకు తిరిగి యిచ్చు షరతులను చర్చించిన కమీషను దిగినది ఆయన అద్దెకిచ్చిన యింటనే! విధి చమత్కారము చూడుడు.

స్వదేశమునకు మరలిన పిమ్మట, సోదరునితో పందెము వేసి 'కింగ్ సాలమన్స్ మైన్స్' అను నవలను కొలది వారములలో వ్రాసెను. 1885లో కాసెల్ ప్రచురణ సంస్థ ఆయన యెదుట రెండు ఒప్పందములుంచెను. ఒకటి, హక్కు వదలుకొని రొక్కముగా 100 పౌన్లు. రెండవది, అమ్మకముపై నూటికి పది. చేతికందు సొమ్మువైపే ఆయన మొగ్గెను. సంపాదకుడు గది విడిచి వెళ్లగా, మూల కూర్చున్న గుమాస్తా యొకడు, తానైనచో రెండవదే పుచ్చుకొందునని చెప్పెను. హాగర్డ్ మనసు మార్చుకొనెను. మొదటి యేడాదిలోనే 31,000 ప్రతులు చెల్లినవి. వెల ఐదు షిల్లింగులు. ప్రతికి ఆరు పెన్నీలు. పాత అలవాటు చొప్పున లెక్క వేసితిని: 775 పౌన్లు.

ఆ గుమాస్తా చేసినది ద్రోహమా? అతడు రహస్యమేదియు వెల్లడింపలేదు. రెండు పత్రములను చూపినది యజమాని పక్షమే. పుస్తకము అమ్ముడుపోకున్నచో ఆ సలహాయే హాగర్డునకు నష్టము తెచ్చియుండును. కావున ఫలమును బట్టి అతనిని మెచ్చుట సరికాదు. నోరు విప్పినందుకు మెచ్చవలెను.

1994లో మా కార్యాలయమునకు ఒక వలస కూలీ భార్య వచ్చెను. భర్త పనిలో మరణించినాడు. నెలనెలా కొంత పుచ్చుకొందువా, తగ్గించిన మొత్తము ఒకేసారి పుచ్చుకొందువా యని అధికారి కన్నడమున నడిగెను. ఆ గదిలో ఆమె భాష తెలిసినవాడను నేనొక్కడనే. మొదటిదే మేలని నేనెరుగుదును. అధికారి మాటను తెనిగించితిని గాని, నా మాట యొక్కటియు చేర్పలేదు. అడుగని సలహా యిచ్చుట గుమాస్తా పని కాదని సమాధానపడితిని. ఆమె వ్రేలిముద్ర వేయుటకు స్టాంపుప్యాడు మూత తీసి యిచ్చినది నేనే.