పొరుగున ఒక యువకుడు

హాలండు దేశమున డెవెంటరు పట్టణమందలి హ్యుమానిటాస్ వృద్ధాశ్రమ నిర్వాహకురాలు గేయా సైప్కెస్, 2012 ప్రాంతమున, విద్యార్థులకు వసతి దుర్లభమగుటయు, వృద్ధులకు ఏకాంతము దుర్భరమగుటయు ఏకకాలమున గమనించి, నెలకు 30 గంటలు మంచి పొరుగువారై మెలగుడని మాత్రమే కోరి, సుమారు 160 మంది వృద్ధుల నడుమ ఆఱుగురు విద్యార్థులకు అద్దె లేకయే గదు లొసగెను. వైద్యశుశ్రూషలు వారి పని కావు. కలసి భుజించుట, కంప్యూటరు నేర్పుట, జబ్బుపడినపుడు చెంత కూర్చుండుట, ఇంతియే. మోకాళ్ళనొప్పులే ప్రసంగమైన ఆ భోజనశాలలోనికి పరీక్షల ముచ్చటలును, ప్రేమల ముచ్చటలును ప్రవేశించినవి. ఎవరి ప్రియురాలు ఎవరో విచారించుటలో అవ్వలు తమ నొప్పులను మఱచిరి. ఇందలి ఘనత యంతయు నిత్యసాన్నిధ్యమునందే యున్నదని నా దృఢవిశ్వాసము; ఏటికొకనాడు పండ్లు పంచి మరలుట దానికి సాటిరాదు. కళాశాల విద్యార్థులారా, మీ ఊరి వృద్ధాశ్రమమునకు ఈ వారము పొండు. వచ్చు వారమును పొండు.