సంగ్రహకర్త యనంతరము

ప్రాచీనవస్తువులను సంగ్రహించుట గౌరవప్రదమైన వ్యసనమని లోకము తలచుచున్నది. జూదరిని నిందించువారును, త్రాగుబోతును గడప త్రొక్కనీయనివారును, పాత నాణెములకై ఆస్తిలో నాలవపాలు వ్యయపఱచినవానిని మాత్రము రసికుడని కొనియాడుదురు. నేనీ వ్యసనమును దూషింపబూనలేదు. గతించిన శిల్పుల చేతిపని నాదరించుట మనుష్యునకు శోభయే. అయినను ఈ సంగ్రహకర్తలు జీవితకాలములో తమ్ము తాము అడిగికొనవలసిన యొక ప్రశ్నను అడిగికొనక, తమ యనంతరము మావంటి న్యాయవాదుల పాలు చేసి పోవుచున్నారు. ఆ వస్తువుల పట్ల వారికి గల ధర్మమెట్టిది?

వేదాంతులు దీనికి సులభముగా బదులు చెప్పుదురు. పోవునపుడు గవ్వయైనను వెంట రాదు గదా, యిక విచారమేల యందురు. ఈ సమాధానము నాకు రుచింపదు. వెంట రాదనుట పోవువానికి చెప్పదగిన మాట. ఉండిపోవు వస్తువునకును, దానిని చూడగోరు ముందుతరమువారికిని అది సమాధానము కానేరదు.

హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమును మనలో పెక్కుమంది చూచియే యుందురు. మూడవ సాలార్‌జంగు బిరుదు వహించిన మీర్ యూసుఫ్ అలీఖానుగారు 1912 మొదలు 1914 వఱకు నిజాము రాజ్యమున దివానుగా నుండిరి. ఆ పదవి విడిచిన పిమ్మట దేశదేశముల వస్తువులను తెప్పించుటయే వారికి ముఖ్యవ్యాపార మయ్యెను. సందర్శకులు గుంపులుగా నిలిచి చూచు ముసుగు రెబెకా విగ్రహము మాత్రము వారు కొన్నది కాదు. వారి తాతగారు 1876లో రోమునగరమున కొన్నది. తాత యార్జించినదానికి మనుమడు వేయింతలు చేర్చి, వివాహమైనను లేక, 1949 మార్చి 2వ తేదీన కాలధర్మము నొందెను. సంతానము లేదు. వస్తువులు వేర్వేఱు భవనములలో చెదరియుండెను. వానిని కూర్చి అమర్చుటలో జేమ్సు కజిన్సు పండితుడు శ్రమపడెను. 1951 డిసెంబరు 16న దివాను డేవిడీయందు జవహర్‌లాల్ నెహ్రూగారు మ్యూజియమును తెఱచిరి. వారసులు న్యాయస్థానమున రాజీపడిరి. 1961లో పార్లమెంటు చట్టము చేసెను. 1968లో మూసీ యొడ్డున నేటి భవనమునకు అన్నియు తరలెను.

శుభాంతమైన కథ యని యందఱు నందురు, నేనును కాదనను. కాని ఆ శుభమునకు ఎన్ని కారణములు కూడవలసివచ్చెనో చూడుడు. స్వామి నిస్సంతు కావలెను, ఆస్తి అపారము కావలెను, ప్రభుత్వము పూనుకొనవలెను, వారసులు సమ్మతింపవలెను. వీనిలో నొకటి తప్పినను ఆ సొత్తు వీధిపాలయ్యెడిది. ముసల్మాను ధర్మశాస్త్రము ప్రకారము వారసుల సమ్మతి లేనిదే వీలునామా మూలమున మూడవవంతునకు మించి యిచ్చివేయుటకు వలనుపడదు. బ్రదికి యుండగా చేసిన దానమునకు అట్టి మేర లేదు. ఈ భేదమును మనవారు, ఏ మతమువారైనను, తగినంత గమనించుట లేదు.

సామాన్యగృహములలో జరుగునది వేఱు. ఒక విభాగపు దావాలో నేను చూచిన జాబితా నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. తండ్రి నలువది యేండ్లు సేకరించిన దీపపుసెమ్మెలు, గంటలు, కలశములు, అన్నియు కలిపి 'పాత యిత్తడి సామాను' అని వ్రాసి, ఎదుట బరువు వేసిరి. తాళపత్రములు 'పాత తాటియాకుల కట్టలు, వెలలేనివి' అయ్యెను. కొయ్యతో చెక్కిన ద్వారపాలకుల జతలో నొకటి అన్నకును, ఒకటి తమ్మునికిని పోయెను. న్యాయదృష్టితో చూచిన ఆ పంపకములో దోషమే లేదు. కొలతకు సరిగా సమానము. కుమారులను మూర్ఖులనుట సులభము గాని, వారికి తెలియునట్లు తండ్రి ఎన్నడైన చెప్పెనా? ఏ సెమ్మె ఏ యూరిదో, ఏ గ్రంథము ఎవరి యింట దొరకినదో యంతయు ఆయన తలలో నుండెను. తల చితి యెక్కగా మిగిలినది యిత్తడియే.

దీనికి విఱుగుడుగా కొందఱు సంగ్రహమును శాశ్వతముగా కట్టివేయజూతురు. లండనులో శిల్పి సర్ జాన్ సోను 1833లో పార్లమెంటుచే చట్టము చేయించి, కుమారునికి దక్కనీయక, తన యిల్లు తాను విడిచినట్లే యుండునట్లు కట్టుదిట్టము చేసెను. 1837లో ఆయన మరణించినది మొదలు నేటివఱకు ఆ యిల్లు చాలవఱకు అట్లే యున్నది. అమెరికాలో డాక్టరు బార్న్సు అంతకంటె కఠినుడు. తన పటములను గోడమీద తాను తగిలించినచోటినుండి కదల్పరాదని శాసించెను. 1951లో ఆయన మోటారు ప్రమాదమున గతించెను. ధనము చాలక ధర్మకర్తలు న్యాయస్థానము నాశ్రయించి అనుమతి పొంది, 2012లో పటములను ఫిలడెల్ఫియా నగరమునకు మార్చిరి. గదులను మాత్రము పూర్వపు కొలతలతోనే కట్టి, పటముల నదే క్రమమున తగిలించిరి. మృతుని మాట నెగ్గినదా, ఓడినదా యని మా వృత్తివారు ఇప్పటికిని వాదింతురు. నా తీర్పేమనగా, చచ్చినవాని చేయి బ్రదికినవారి గోడమీద నెల్లకాలము ఉండరాదు. ఫ్రాన్సు దేశపు ఎడ్మండు గోంకూరు దీనికి విపరీతముగా, తన వస్తువులు మ్యూజియమను శ్మశానమునకు పోగూడదనియు, వేలము వేయబడి తనవంటి ప్రియుల చేతికే చేరవలెననియు కోరి 1896లో మరణించెను. మఱుసటి యేటనే వేలము జరిగెను. ఆ సొమ్ము ఒక సాహిత్యపరిషత్తునకు ఆధారమయ్యెను. ఇందులో నాకు తప్పేమియు కానరాదు.

కావున కూడియుండుటయా, చెదరుటయా యను వివాదమునకు నేను పెద్ద విలువ నీయను. వస్తువుతోడి జ్ఞానము నిలిచినదా లేదా యనునదే నాకు ముఖ్యము. అమరావతి స్తూపమునే తీసికొనుడు. పదునెనిమిదవ శతాబ్ది తుదిని వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు క్రొత్తపట్టణము కట్టుచుండ రాళ్లకై ఆ దిబ్బను త్రవ్విరి. చలువరాళ్లు కొన్ని కట్టడములకును, కొన్ని సున్నపు బట్టీలకును పోయెను. 1798లో దానిని చూచిన కర్నలు మెకంజీ, 1816లో మరల వచ్చి, చిత్రకారులచే ఱాతిఱాతికిని పటము వ్రాయించెను. తరువాత పోయిన శిల్పములు కొన్ని నేడు ఆ పటములవల్లనే మనకు తెలియుచున్నవి. రాయి బూడిదయైనను కాగితము నిలిచెను.

అదే మెకంజీ 1821లో మరణించినప్పుడు 1,500కు మించిన చేవ్రాత గ్రంథములు, 8,000 శాసనపు ప్రతులు, 6,000కు పైబడిన నాణెములు మిగిలెను. కుంపిణీవారు వానిని కొనిరి. వానిని కూర్చుటలో చేయూతయై నిలిచినది మన కావలి సోదరులు. బొఱ్ఱయ్యగారు 1803లోనే పిన్నవయసున గతించిరి. లక్ష్మయ్యగారు మిగిలి, పనిని తాను సాగింతునని అర్జీ పెట్టుకొనగా, 1830ల దశకమున కలకత్తా పండితసభవారు దేశీయుడు అట్టి పనికి అధ్యక్షుడుగా తగడని త్రోసివేసిరి. సంగ్రహమునకు వెల కట్టినవారు, దాని నెఱిగిన మనుష్యునకు వెల కట్టలేదు. దక్షిణదేశభాషలు రాని విల్సను దొరగారు 1828 నాటికే దానికి పట్టిక తయారుచేసియుండిరి.

జీవితకాలముననే వస్తువుల చరిత్ర వ్రాసిపెట్టుడని నేను చెప్పినపుడు కక్షిదారులు తల యూపుదురే గాని వ్రాయరు. కారణము సోమరితనమే కాదు. ఎక్కడినుండి వచ్చినదో వ్రాసిన, రాకూడని చోటినుండి వచ్చినదని తేలునేమో యను భయము. మన ధర్మశాస్త్రమున దేవుడును ఆస్తికి స్వామియే. తంజావూరు సీమలోని పత్తూరు నటరాజవిగ్రహము లండనులో పట్టుబడగా, శిథిలమైన ఆ గుడి పక్షమున దావా నడచి, 1991లో అచటి అప్పీలు కోర్టు గుడికే డిక్రీ యిచ్చెను. పూజ లేక పాడుపడిన గుడికిని హక్కు చావలేదన్నమాట. అట్టి విగ్రహము తండ్రియింట దొరకిన కొడుకు తాను దొంగిలింపలేదు గదా యనవచ్చును, నిజమే. తండ్రి వెల యిచ్చి కొనెను గదా యనవచ్చును, అదియు నిజమే. అయినను తెలిసిన మీదట దాచుట క్రొత్త కార్యము. దానికి తండ్రి బాధ్యుడు కాడు.

నాయొద్దకు వచ్చిన యొక కుటుంబమున ఈ చిక్కే పడెను. తండ్రిగారి బీరువాలో జానెడు కంచువిగ్రహము, దానితో ఒక గ్రామము పేరు వ్రాసిన చీటి దొరకెను. మిగిలిన వస్తువులకు చీటీలు లేవు. దీనికి మాత్రమే యుండెను. ఆయన దానిని ఎందుకు వ్రాసి యుంచెనో కుమారులు ముగ్గురును ఎఱుగరు. ఆ యూరి గుడివారికి ఉత్తరము వ్రాయుడని నేను చెప్పితిని. ఇద్దఱు సమ్మతించిరి. మూడవవారు, ఆ చీటి తండ్రి చేవ్రాతయే యని ఋజువేమి యని యడుగుచున్నారు.