మౌనము సమ్మతి యగునా?

మౌనమర్ధాంగీకారమని మనలో నొక నానుడి కలదు. పేదవాని మౌనమును సమ్మతిగా లెక్కగట్టి లాభము పొందినవారు తమ మనస్సును జోకొట్టుకొనుటకు ఈ మాటయే చాలుచున్నది. ఇది ధర్మమా యని విచారింపవలెను.

1872వ సంవత్సరపు భారత ఒడంబడికల చట్టము ప్రకారము స్వేచ్ఛాసమ్మతియే ఒడంబడికకు ప్రాణము. బలవంతముచేతనో, మోసముచేతనో, అనుచిత ప్రాబల్యముచేతనో రాబట్టిన సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదు. అయినను అట్టి ఒడంబడిక పుట్టుకతోనే శూన్యము గాదు. అన్యాయము పొందినవాడు కోరినచో రద్దగును, కోరనిచో నిలుచును. పందెపు టొడంబడిక యట్టిది గాదు. అది ఎవరు కోరినను కోరకున్నను 30వ సెక్షను ప్రకారము శూన్యమే. వీరగాథలోని పల్నాటి కోడిపందెము నేడు జరిగియున్నచో, మాచర్ల విడిచి యేడేండ్లు పోవలెనను షరతును ఏ న్యాయాధిపతియు అమలు జరుపజాలడు.

దత్తతకు ఒప్పుకొన్నగాని భర్త శవమును కదలనీయమని పదుమూడేండ్ల వితంతువును బంధువులు నిర్బంధించిరి. ఆ బాలిక ఒప్పుకొనెను. ఆ దత్తత ఆమెను బంధింపదని మదరాసు హైకోర్టు 1889లో తీర్పు చెప్పెను. ఆమె న్యాయస్థానమున కెక్కకున్నచో ఆ దత్తత చెల్లియే యుండెడిది. బంధువుల దోషము మాత్రము తగ్గెడిదా?

ఇక మన గ్రామములను చూడుడు. మిరపయు పత్తియు పండించు కౌలురైతు ఎరువునకు, పురుగుమందునకు అప్పు చేసి, ఖాళీ ప్రామిసరీ నోటుపై సంతకము చేయుట పల్నాట నేటికిని కలదు. 1899లో సవరింపబడిన చట్టము ఇట్టివానినే తలచినది. అందలి ఉదాహరణములో, వడ్డీవ్యాపారి యొకడు వ్యవసాయదారునకు 100 రూపాయలిచ్చి, తన ప్రాబల్యముచేత నెలకు నూటికి 6 వడ్డీతో 200 రూపాయలకు పత్రము వ్రాయించుకొనును. న్యాయస్థానము ఆ పత్రమును రద్దుచేసి, రైతు 100 రూపాయలను న్యాయమైన వడ్డీతో తీర్పవలెనని ఆజ్ఞాపింపవచ్చును. రైతు అసలు నెగగొట్టకూడదు. వ్యాపారి అక్రమలాభము పొందకూడదు.

హెచ్చువడ్డీ పుచ్చుకొనుటయే పాపమా యని కొందరడుగుదురు. కాదు. బజారున ధనము కొరవడినప్పుడు బ్యాంకరు హెచ్చువడ్డీ కోరుట అనుచిత ప్రాబల్యము గాదని ఆ చట్టమే చెప్పుచున్నది. పరీక్ష వేరు. అప్పు గోరినవాడు భయము లేక లేచి మరియొక గడపకు పోగలిగియుండెనా? పోగలిగియుండినచో అది బేరము. పాతబాకీకిని, విత్తనములకును, పంట యమ్మకమునకును ఆ గడపయే దిక్కయినచో అది బేరము గాదు, లొంగుబాటు.

రద్దుచేయు నిర్ణయమును పీడితునికే విడుచుట చట్టము అతని స్వేచ్ఛకు చేసిన గౌరవము. కాని దావాకు ఖర్చు కావలెను, ధైర్యము కావలెను, రేపటి అప్పునకు ఆ వ్యాపారినే యాశ్రయింపకుండు స్థితి కావలెను. అసలు సంగతి తెలిసిన నాటినుండి మూడేండ్లు గడచినచో, 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టముచేత దస్తావేజు రద్దుదావాకు కాలదోషము పట్టును. భూమి పోయినవాడు మాటాడక మూడేండ్లు కూర్చుండినంత మాత్రమున, దానిని మోసముతో గొన్నవాని కది న్యాయార్జిత మగునా?

సోదరులారా, పీడితుని కీయబడిన హక్కు పీడకునకు సెలవుచీటి గాదు. స్వేచ్ఛ లేని పూజ పూజ గాదని చెప్పు మనము, స్వేచ్ఛ లేని సంతకమును సంతకమని యెట్లు చెప్పగలము? మీ పెట్టెలో అట్టి పత్రమున్నచో సమను రాకకై వేచియుండవలదు. ఆ యింటికి మీరే పొండు. న్యాయముగా రావలసినది నిర్ణయించుకొని మిగిలినది విడువుడు. దావాకు కాలదోషము కలదు గాని, సర్వసాక్షియైన యీశ్వరుని సన్నిధిని అన్యాయమునకు కాలదోషము లేదు.