సిక్కు మతమున అమృత దీక్ష

అమృతమనగా మృతి లేకుండ జేయునది. ఈ పదము చెవిని పడినంతనే క్షీరసాగర మథనము, దేవదానవుల పంక్తులు, జగన్మోహిని హస్తమునందలి కలశము మనస్సున మెదలును. సిక్కు మతమునందును దీక్షకు అమృతమే ఆధారము. దానిని స్వీకరించినవారిని అమృతధారులందురు. అయితే ఈ అమృతమును మొట్టమొదట గ్రోలిన ఐదుగురిలో మువ్వురు ఏడేండ్లు నిండక మునుపే యుద్ధభూమిలో నేలకొరిగిరి. త్రాగినవారిని మృత్యువునుండి తప్పింపలేని జలమునకు అమృతమను పేరెట్లు తగును? ఈ ప్రశ్నకు సమాధానమే ఆ దీక్ష యొక్క అంతరార్థము.

క్రీ. శ. 1675లో తొమ్మిదవ గురువైన తేగ్ బహదూర్ ఔరంగజేబు పాలనలో, ఢిల్లీ నగరమున శిరచ్ఛేదము నొందెను. అప్పటికి ఆయన కుమారుడు తొమ్మిదేండ్లు నిండని బాలుడు. ఆ బాలుడే పదవ గురువై, 1699లో వైశాఖీ పర్వదినమున ఆనందపురమునందు శిష్యులను సమావేశపరచెను. సిక్కుల సంప్రదాయ కథనము ననుసరించి, ఆయన దూసిన ఖడ్గముతో సభలో నిలిచి, ధర్మమునకై శిరస్సు నీయగలవారెవరని అడిగెను. సభ నిశ్చేష్టమయ్యెను. కొంత తడవునకు ఒకడు లేచెను. గురువు వానిని గుడారములోనికి గొనిపోయి, రక్తసిక్తమైన ఖడ్గముతో వెలికివచ్చి మరల అడిగెను. అట్లు ఒకరి వెనుక నొకరుగా ఐదుగురు లేచిరి. పిదప గురువు ఆ ఐదుగురిని నూతన వస్త్రములతో సజీవులుగా సభకు తోడ్కొనివచ్చెను. వారే పంచప్రియులు, సిక్కుల భాషలో పంజ్ ప్యారే.

అంతకు మునుపు సిక్కులలో గురుచరణములు సోకిన జలమే దీక్షాతీర్థము. ఆనాడు గురువు ఆ పద్ధతిని మార్చెను. ఇనుపపాత్రలో శుద్ధోదకము పోసి, పవిత్రవాణిని పఠించుచు, ఖండా అను రెండంచుల ఖడ్గముతో దానిని కలియద్రిప్పెను. అట్లు త్రిప్పుచుండగా గురుపత్ని మాతా జీతో బతాసాలనబడు పంచదార బిళ్ళలను దెచ్చి అందు వేసెనని చెప్పుదురు. ఈ మార్పు సామాన్యమైనది కాదు. గురువు తన పాదములను వెనుకకు దీసికొని, ఆ స్థానమున భగవన్నామమును, ధర్మరక్షణ సంకల్పమును నిలిపెను. ఇనుము ధైర్యమునకు గుర్తు. చక్కెర మాధుర్యమునకు గుర్తు. మాధుర్యము లేని ధైర్యము క్రౌర్యముగా మారును. ధైర్యము లేని మాధుర్యము ఆపదవేళ పిరికితనమగును. ఆ రెంటిని ఒక్కచోట కరగించునది నామస్మరణము.

ఆ ఐదుగురు ఎవరు? లాహోరు నగరపు ఖత్రీ యైన దయారామ్, హస్తినాపుర ప్రాంతమునుండి వచ్చిన జాట్ కులస్థుడు ధరమ్ దాస్, పురీ జగన్నాథమునుండి వచ్చిన నీరుమోయు వృత్తివాడు హిమ్మత్ రాయ్, ద్వారకనుండి వచ్చిన అద్దకపు పనివాడు మొహకమ్ చంద్, నేటి తెలంగాణ సరిహద్దునకు చేరువనున్న బీదరునుండి వచ్చిన క్షురవృత్తివాడు సాహిబ్ చంద్ అని సంప్రదాయము చెప్పును. ఈ ఐదుగురు ఒకే పాత్రనుండి అమృతమును గ్రోలిరి. అందరును ‘సింగ్’ అను ఒకే నామమును ధరించిరి. ఒకరి చేతి నీరు మరియొకరు ముట్టని కాలమున, ఎంగిలి యను శంక లేక ఒకే పాత్రకు పెదవి చేర్చుటయే ఒక మరణము. అది కులాభిమానము యొక్క మరణము.

ఆ పిమ్మట జరిగినది మరింత ఆశ్చర్యకరము. గురువు ఆ ఐదుగురి యెదుట చేతులు జోడించి, తనకును అమృతము ప్రసాదింపుమని అర్థించెను. గోవిందరాయ్ నాటినుండి గోవింద సింగ్ అయ్యెను. గురువే శిష్యుడైనప్పుడు, దీక్ష నిచ్చినవాడనను అహంకారమునకు ఎవనికి తావుండును?

నేటికిని గురుగ్రంథ సాహిబు సన్నిధిని ఐదుగురు అమృతధారులు కూడి ఈ తీర్థమును సిద్ధపరతురు. స్త్రీలును ఆ ఐదుగురిలో నుండవచ్చును. దీక్ష గోరువారు వీరాసనమున గూర్చుండి ఐదుమార్లు దోసిట బట్టి త్రాగుదురు. నేత్రములపై ఐదుమార్లు, కేశములపై ఐదుమార్లు ప్రోక్షణము జరుగును. మిగిలిన తీర్థమును అందరు ఒకే పాత్రనుండి పంచుకొందురు. వారి పూర్వపు కులగోత్రములు అంతటితో ముగిసెననియు, వారి జన్మస్థానము కేశగఢమనియు, నివాసము ఆనందపురమనియు బోధింతురు. కేశములు, దువ్వెన, ఇనుప కడియము, కృపాణము, కచ్ఛము వారికి నిత్యధార్యములు. కేశఖండనము, వ్యభిచారము, పొగాకు సేవనము, హలాలు పద్ధతిని వధించిన మాంసము వారికి నిషిద్ధములు.

ఇంతటి దీక్ష పొందినవాడు మరల జారిపడడా? మానవుడు కావున జారిపడవచ్చును. ఆనందపుర ముట్టడి కాలమున ఆకలికి తాళలేక నలువదిమంది అనుచరులు, తాము గురువునకు శిష్యులము కామని వ్రాసియిచ్చి ఇండ్లకు మరలిపోయిరని సిక్కులు చెప్పుకొందురు. మాయీ భాగో అను వీరవనిత వారి పౌరుషమును మేల్కొలిపి, ముందు నడచి, వారిని మరల గురువు కడకు గొనివచ్చెను. 1705లో ఖిద్రానా చెరువుకడ జరిగిన పోరులో వారు ప్రాణములర్పించిరి. కొనయూపిరితో నున్న మహాన్ సింగ్ శిరమును గురువు తన యొడిలో నుంచుకొని, ఏమి కావలెనని అడుగగా, అతడు ధనము గాని స్వర్గము గాని కోరలేదు. ఆ త్యాగపత్రమును చింపివేయుమని మాత్రము వేడుకొనెను. గురువు దానిని చింపివేసెను. ఆ నలువదిమంది ముక్తులుగా కీర్తింపబడిరి. ఆ చెరువు ముక్తసరమయ్యెను. మాయీ భాగో తరువాత గోదావరీ తీరమందలి నాందేడులో గురువును సేవించి, 1708లో ఆయన నిర్యాణానంతరము బీదరు సమీపమున జన్వాడలో తన శేషజీవితమును గడపెనని చెప్పుదురు.

సిక్కుల నియమావళియందును తప్పుచేసినవాడు దానిని సంగత్తు ఎదుట ఒప్పుకొని, ప్రాయశ్చిత్తము చేసికొని, మరల అమృతమును పొందుటకు మార్గము కలదు. దీక్ష ఒక్కనాటి ఉత్సవమై ముగియునది కాదని, ప్రతిదినము నిలుపుకొనవలసిన మాట యని దీనివలన తేటపడుచున్నది.

కావున ఈ అమృతము దేహమునకు మరణము లేకుండ జేయదు. మరణభయము, కులగర్వము, నేననెడి భావము అను మూడింటిని చంపుటకే అది మానవునకు ఈయబడినది. ఆ మూడును చచ్చిన పిమ్మట అతనిలో మృత్యువు వచ్చి తాకగలిగినది మిగులదు. మహాన్ సింగ్ కడపటి క్షణమున ప్రాణములను కాపాడుమని అడుగక, మాటను నిలుపుమని అడిగెను. అతడు కోరినది ఆ అమృతమునే.