కాటి పద్యం మనం పాడొచ్చా?

 

ఉపాసకులారా, ఉపాసికలారా! ఈసారి మీ ముందు ఒక ప్రశ్న పెడుతున్నాను. ధమ్మ దీక్ష తీసుకున్న ఇంటి పిల్లవాడు 'సత్య హరిశ్చంద్ర' నాటకంలో కాటి సీను నేర్చుకోవచ్చా? చిన్న ప్రశ్నే అనిపిస్తుంది. మొదట నేనూ అలాగే అనుకున్నాను.

ఆ మధ్య నందిగామలో ఒక పెద్దాయన కాలేజీ పిల్లలకు రెండు రోజులు పద్యం నేర్పారు. జీవితమంతా స్టేజీ మీద గడిపిన మనిషి. హార్మోనియం ముందు కూర్చుని, ఒక్కొక్కరినీ లేపి అందరి ముందే పాడించారు, అందరి ముందే దిద్దారు. పిల్లలు ఎంచుకున్నవి గుర్రం జాషువా గారి శ్మశాన పద్యాలు. అవి గొంతుంటే వచ్చేసేవి కావు. మత్తేభమే తీసుకోండి. పాదానికి 20 అక్షరాలు, యతి 14వ అక్షరం దగ్గర. సమాసాన్ని ఎక్కడ విరవాలో తెలియకపోతే ఊపిరి మధ్యలో అయిపోతుంది, మాట రెండు ముక్కలవుతుంది. రాగం లాగుతూ పోతే అర్థమే మునిగిపోతుంది.

వాళ్ళలో మా వాడ కుర్రాడు ఒకడున్నాడు. డిగ్రీ రెండో ఏడు. మంచి గొంతు. మూడు పద్యాలు నిలబెట్టి పాడాడు. శ్మశానంలో అస్పృశ్యతకు చోటు లేదని చెప్పే పద్యం దగ్గర మాత్రం ఆగిపోయాడు. మళ్ళీ అందుకున్నాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. "శృతి తప్పలేదు, ఊపిరీ ఉంది. ఏమైందిరా?" అన్నారు మాస్టారు. వాడు తల వంచుకున్నాడు.

సాయంత్రం జగ్గయ్యపేట బస్సెక్కాక నన్నడిగాడు: "బాబాయ్, అసలు మనం ఈ నాటకం ఆడొచ్చా? ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేసిన ఇల్లు కదా మనది." చిల్లకల్లు వచ్చేదాకా నాకు జవాబు తట్టలేదు. ఆ రాత్రంతా ఆలోచించి మర్నాడు పొద్దున వాడితో అన్న మాటే ఇప్పుడు మీతోనూ అంటున్నాను.

సంయుత్త నికాయంలో తాలపుటుడనే నటుల పెద్ద కథ ఉంది. జనాన్ని నవ్వించి అలరించే నటుడు చనిపోయాక నవ్వే దేవతల్లో పుడతాడని మా పెద్దలంటారు, నిజమేనా అని అతను బుద్ధుణ్ణి అడిగాడు. బుద్ధుడు రెండుసార్లు ఆ సంగతి అడగొద్దన్నాడు. మూడోసారి చెప్పక తప్పలేదు. రాగద్వేష మోహాల్లో ఉన్న జనానికి వాటినే ఇంకా రేపి, తాను మత్తులో పడి, చూసేవాళ్ళనీ మత్తులో పడేసే నటుడికి మంచి గతి లేదన్నాడు. తాలపుటుడు ఏడ్చాడు. తర్వాత భిక్షువై అరహంతుడయ్యాడు. అతని గాథలు థేరగాథల్లో ఉన్నాయి. నాకర్థమైనంతలో బుద్ధుడు తప్పు పట్టింది మత్తుని. కాబట్టి మనం అడగాల్సింది ఒకటే: ఈ పద్యం మనిషిని మేల్కొలుపుతుందా, నిద్రపుచ్చుతుందా?

ముందు నాటకం సంగతి చూద్దాం. అబద్ధమాడకపోవడం మన పంచశీలలో నాలుగోది. అంతవరకు హరిశ్చంద్రుడితో మనకు పేచీ లేదు. కానీ తానిచ్చిన మాట కోసం పెళ్ళాన్ని అమ్మే హక్కు మొగుడికి ఎవరిచ్చారు? ఉపాసకుడు చెయ్యకూడని వ్యాపారాలు అయిదని బుద్ధుడు చెప్పాడు: ఆయుధాలు, మనుషులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. మనిషిని అమ్మి నిలబెట్టుకున్న సత్యం మన సత్యం కాదు. ఇంకో సంగతి. ఆ కథలో రాజు పడిన కష్టాల్లో అడుగుమెట్టు ఏది? కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోవడం. మన తాతలు ఊరి చావులన్నిటికీ చేసిన చాకిరీయే ఆ రాజుకు అన్నిటికంటే పెద్ద అవమానం! రాజుకు వచ్చిన కష్టానికి కన్నీళ్ళు పెట్టుకున్న జనం, తరతరాలుగా అదే పని చేసినవాళ్ళ కోసం ఎప్పుడైనా ఏడ్చారా?

ఇక పద్యాల సంగతి. అవి బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన నాటకంలోవి కావు. జాషువా గారి 'శ్మశానవాటి' నుంచి తీసుకుని నటులు కలిపారు. జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. తల్లి మాదిగ, తండ్రి యాదవ. అంటరానితనాన్ని ఒంటి మీద మోసిన కవి. చూశారా, కాటిలోకి దిగిన రాజు మనసు విప్పడానికి మన కవి మాటే కావాల్సొచ్చింది. పులినీ మేకనూ ఒక్కచోట పడుకోబెట్టే సమానత్వం శ్మశానంలో ఉందని ఆయన చెప్పింది శ్మశానాన్ని పొగడడానికి కాదు. బతికున్న ఊరు సిగ్గుపడాలని.

మా వాడు ఆ పద్యం దగ్గరే ఎందుకు ఆగిపోయాడో నాకు తెలుసు. వాడి తాత పాడె మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మన శ్మశానానికి పోయే డొంకని కలుపుకుని పైరు వేశారు. శవంతో గంటల తరబడి నిలబడ్డాం. అధికారులొచ్చాకే దారి వదిలారు. ఆ ఊళ్ళోనే తిరునాళ్ళకు కాటి సీను ఆడిస్తారు. ఈ పద్యానికే 'వన్స్ మోర్' అని అరుస్తారు, నటుడి చొక్కాకి నోట్లు గుచ్చుతారు. శ్మశానంలో అంటరానితనం లేదంటే చప్పట్లు కొట్టిన చేతులే ఆ డొంకకి కంప అడ్డం వేశాయి. తాలపుటుడికి బుద్ధుడు చెప్పిన మత్తు అదే.

ఆ మత్తు పాడేవాడికీ ఎక్కుతుంది. మన జగ్గయ్యపేట ధనంబోడు స్తూపం దగ్గర దొరికిన చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ రాజు మాంధాత అంటారు. చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాణేలు కురుస్తున్నాయి. జాతక కథలో అతనికి అవి చాల్లేదు, ఇంద్రుడి సింహాసనంలో సగం దొరికినా చాల్లేదు. చివరికి స్వర్గం నుంచి కింద పడ్డాడు. 'వన్స్ మోర్' కూడా అలాంటి వానే. ఎంత కురిసినా గొంతు దాహం తీరదు.

అందుకని వాడితో ఇలా అన్నాను: "పాడొచ్చురా. దేవుళ్ళని కొలవబోమని ప్రతిజ్ఞ చేశాం. జాషువాని పాడబోమని కాదు. వేషం కోసం పాడకు, చప్పట్ల కోసం పాడకు. మీ తాత పాడె గుర్తుపెట్టుకుని, కోపం లేకుండా పాడు."

కోపం లేకుండా అన్నది వాడికి కష్టమైంది. మాస్టారితో జరిగింది చెప్పాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత హార్మోనియం మూసి, "ముందు రాగం లేకుండా మాటలా చెప్పు" అన్నారు. వాడు చెప్పాడు. ఆ తర్వాత పాడాడు, సాగదియ్యకుండా. ఈసారి ఆగలేదు. ఎవరూ 'వన్స్ మోర్' అనలేదు.

మీ ఊళ్ళోనూ కాటి సీను పడుతుంది. వెళ్ళండి, వినండి, మీ పిల్లలకు గొంతుంటే నేర్పించండి. పద్యం అయ్యాక పక్కన కూర్చున్నవాణ్ణి మర్యాదగానే ఒక్క మాట అడగండి: "బాగుందయ్యా. మరి మన ఊరి శ్మశానం దారి సంగతి ఏం చేద్దాం?"

భవతు సబ్బ మంగళం.